రూపాయిన్నర వడ్డీ

సర్వీసంతా హైస్కూలు పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ నేర్పిన లెక్కల మాస్టారు కాబట్టి, ఈయన ఇంట్లో డబ్బు మూలుగుతూ ఉంటుందని మా బంధువులకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు. వడ్డీ లెక్కగట్టాలంటే అసలు, కాలం, రేటు మూడూ కావాలి. నా దగ్గర కాలానికీ రేటుకూ ఏనాడూ లోటు రాలేదు.

మా తెనాలి వైపు వడ్డీ శాతాల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. నూటికి నెలకు రూపాయా, రూపాయిన్నరా, రెండా అని అడుగుతారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ మధ్య మా చిన్నాన్నకు బ్యాంకు డిపాజిట్ గురించి నచ్చజెప్పబోయాను. 7 శాతం అనగానే వేళ్ల మీద లెక్కేసి, "అరవై పైసలు కూడా కాదన్నమాట" అంటూ కండువా దులుపుకుని లేచాడు. ఆయన దగ్గర ట్రంకుపెట్టె నిండా ప్రోనోట్లే. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కనుక, గడువు దగ్గరపడగానే బాకీదారు ఇంటికెళ్లి, కాఫీ తాగి, నోటు వెనక ఏ ఐదొందలో చెల్లు వేయించుకుని వస్తాడు. అసలు మొహం చూసి ఎన్నేళ్లయిందో! ఆయన ఆస్తంతా నోట్ల వెనకవైపే ఉంది.

నా ఆర్థిక సిద్ధాంతం మాత్రం చిన్నప్పుడు తిరునాళ్లలో కొన్న మట్టి డిబ్బీ దగ్గరే పుట్టింది. పగలగొడితే తప్ప డబ్బులు రావని అమ్మ ధైర్యంగా ఉండేది. డిబ్బీని తలకిందులు చేసి, కన్నంలోకి చీపురుపుల్ల దూర్చి కాస్త ఓపిగ్గా ఊపితే, పదిపైసల బిళ్లలు పుల్ల మీదుగా బుద్ధిగా జారి వచ్చేవి. తాళం గట్టిదైతేనే సొమ్ము నిలుస్తుందనీ, మనిషి మంచితనం మీద వదిలేస్తే నిలవదనీ ఆ వయసులోనే నాకు అర్థమైంది. తర్వాత ఏ దశలోనూ దీన్ని సవరించాల్సిన అవసరం రాలేదు.

ఉద్యోగంలో చేరాక ప్రభుత్వమే ఆ తాళం వేసింది. జీపీఎఫ్ పొదుపు, ఏపీజీఎల్‌ఐ బీమా జీతం బిల్లులోనే కోత పడిపోయేవి. కోసేశాక వచ్చిందే జీతం అనుకున్నాం. జీపీఎఫ్‌లోంచి లోను తీయాలంటే కాగితాలు నింపాలి, కారణం రాయాలి, హెడ్మాస్టరు మొహం చూడాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడుకు భయపడి దాచుకున్నదాంట్లోంచే మా అమ్మాయి పెళ్లి చేశాం. పొదుపు చేసినవాణ్ని నేను కాదు, ఆ ఫైలు కదలని గుమాస్తా. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

1988లో కిసాన్ వికాస్ పత్రాలు వచ్చినప్పుడు ఐదున్నరేళ్లలో సొమ్ము రెట్టింపు అయ్యేది. ఇప్పుడు అదే పత్రానికి 115 నెలలు. డబ్బుకు కూడా వయసు మీదపడి నడక తగ్గినట్టుంది.

ప్రభుత్వ టీచరుకు జీతం కంటే విలువైనది ఇంకొకటుంది, సంతకం. చీటీలు వేసే కుటుంబంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకు తలా 5,000. అవసరంలో ఉన్నవాడు 25,000 తగ్గించి పాడుకున్నాడనుకోండి. కంపెనీ కమిషన్ 5,000 పోను మిగిలిన 20,000 తలా వెయ్యి చొప్పున అందరికీ పంచుతారు. ఒకడి కష్టం ఇరవై మందికి డివిడెండ్. చీటీ ఎత్తినవాడు మిగతా నెలలు ఎగ్గొట్టకుండా జామీను కావాలి. ఆ జామీను ప్రభుత్వోద్యోగిదైతే కంపెనీవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

అందుకని ఒకటో తారీఖు దాటితే మా స్టాఫ్‌రూములో ఒక్కరూ దొరికేవారు కాదు. సోషల్ మాస్టారు మ్యాపుల గదిలో ఉండేవారు. నేను బోర్డు వైపు తిరిగి, ఎవరూ అడగని సిద్ధాంతాలు నిరూపిస్తూ ఉండేవాణ్ని. అయినా కిటికీలోంచి "బావగారూ, ఒక్క సంతకం" అని వినిపించేది. నా జీతం సర్టిఫికెట్ నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగింది. ఓ బావమరిది పాడుకున్న డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కారు కొని, వాయిదాలు మానేశాడు. నోటీసు మా స్కూలుకొచ్చింది. వెళ్లి కట్టేసొచ్చాను. పాపం, తన కారులోనే తీసుకెళ్లాడు. పెట్రోలు నేనే కొట్టించాను.

ఇక అసలు విషయం. నెలాఖరుకు చేతిలో డబ్బాడకపోతే మా ఆవిడ పక్కింటి పిన్నిగారిని అడిగి తెచ్చేది. "ఆవిడ ఊరికే ఇవ్వరండీ, రూపాయిన్నర వడ్డీ" అనేది. జీతం రాగానే అసలూ వడ్డీ లెక్కగట్టి మా ఆవిడ చేతికే ఇచ్చేవాణ్ని. ఆ పిన్నిగారు కనపడితే రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టేవాణ్ని. ఈ మాస్టారికి ఇంత వినయమేమిటా అని ఆవిడ కంగారుపడేది.

2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. మర్నాడు మా ఆవిడ పోపుల డబ్బా, మినప్పప్పు డబ్బా, పట్టుచీర మడతలు వరసగా దులిపింది. "ఏమండీ, ఇవి బ్యాంకులో వెయ్యాలిట" అంది. నోట్లకు ఇంగువ వాసన. లెక్కపెట్టి, ఇదంతా ఎక్కడిదని అడిగాను. "పిన్నిగారిది" అంది, నవ్వకుండా. అంటే నా జీతంలో మిగిల్చింది నాకే అప్పిచ్చి, ఏడాదికి 18 శాతం చొప్పున రాబట్టింది. నాకు తెలిసిన ఏ పోస్టాఫీసు పథకమూ అంత ఇవ్వలేదు. లెక్కల మాస్టారిగా లేచి నిలబడి నమస్కారం పెట్టాను.

ఇప్పుడు నేను సీనియర్ సిటిజన్ని. డిపాజిట్ల మీద బ్యాంకులు మాకు సాధారణంగా అర శాతం ఎక్కువిస్తాయి. లక్షకు ఏడాదికి 500 రూపాయలు. ఈ అర శాతం మీద మా పార్కు బెంచీలో జరిగినంత చర్చ శాసనసభలో కూడా జరిగి ఉండదు. పావు శాతం ఎక్కువని ఒకాయన ఆటో కట్టించుకుని ఊరవతలి బ్రాంచికి వెళ్లాడు. ఆటోకు ఎంతయిందని అడిగితే ఇప్పటికీ మాట్లాడడు. నేను మాత్రం పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేశాను. 8.2 శాతం, ఐదేళ్ల గడువు. ముందే తీస్తే కోత పెడతారు. ఆ కోత మాటకే పడిపోయాను.

హైదరాబాదులో మా అబ్బాయి మ్యూచువల్ ఫండులో నెలనెలా సిప్ కడుతున్నానంటాడు. ఫోనులోనే వేస్తాడు, ఫోనులోనే తీస్తాడు. మూడు నొక్కుళ్ల దూరంలో ఉన్న డబ్బును చీపురుపుల్ల కూడా అక్కర్లేని డిబ్బీ అనే అంటాను. వాడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. మా ఆవిడ చూసేది ఒక్కటే, పిల్లకు లెక్కలు వచ్చా రావా అని.

ఇది చదివి, పొదుపు గురించి సలహా అడగడానికి మా ఇంటికి రావాలనుకుంటే నిరభ్యంతరంగా రండి, కాఫీ ఇస్తాం. అప్పు కావాలంటే మా ఆవిడతో మాట్లాడుకోండి. జామీను కోసం మాత్రం దయచేసి రావద్దు. రిటైరైనవాడి సంతకానికి చీటీ కంపెనీల్లో గిరాకీ లేదు.