జపాన్ బడి, తెలుగు కాళ్లు

హైస్కూలు పిల్లలను పరాయి దేశపు బడికి పంపి, అక్కడి కుటుంబంలో కొన్ని నెలలు ఉంచే పద్ధతి రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊపందుకుంది. మొదటి యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సులు నడిపిన ఏఎఫ్‌ఎస్ సంస్థ 1947 నుంచి ఈ పనికి దిగింది. క్షతగాత్రులను మోసిన అనుభవం అక్కరకొచ్చిందనే అనుకోవాలి. 2018లో జపాన్ ప్రభుత్వం ‘ఆసియా కకెహాషి’ పేరిట ఆసియా దేశాల పిల్లలను తన హైస్కూళ్లకు రప్పించడం మొదలుపెట్టింది. అందులో భారతీయులకూ చోటు దొరికింది. తెలుగు ఇళ్లకు మాత్రం ఒక చిక్కుంది. సరిగ్గా ఆ వయసులోనే ఇంటర్ వచ్చి పడుతుంది. ఆ రెండేళ్లూ పిల్లవాడు హాస్టల్ గేటు దాటడమే గగనం, సముద్రం దాటడం తర్వాతి మాట.

ఎలాగో వెళ్లిన విద్యార్థికి భాష కన్నా ముందు చెప్పులు పరీక్ష పెడతాయి. చెప్పులు బయట విడవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యే గనక ఈ పాఠం వచ్చేసినట్టే అనిపిస్తుంది. బోల్తా పడేది అక్కడే. బడిలోకి అడుగుపెట్టగానే బూట్లు అరలో పెట్టి, లోపల తిరగడానికి ‘ఉవాబాకి’ అనే జత తొడగాలి. జిమ్‌కు ఇంకో జత. ఇంట్లోనేమో స్లిప్పర్లు, తతామి చాపలు పరిచిన గదిలో అవీ విప్పేయాలి, మరుగుదొడ్డికి ప్రత్యేకంగా వేరేవి. ఆ చివరి జతతోనే దర్జాగా భోజనాల గదిలోకి నడిచిరావడం విదేశీ అతిథులు తరచూ చేసే ఘనకార్యం. ఒక ఊరట ఏమిటంటే, తాళం లేని అరలోనూ బూట్లు సాయంత్రం దాకా క్షేమం. గుడి బయట చెప్పుల మీద ఒక కన్నేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లకు ఇది మహిమలాగే తోస్తుంది.

పాఠాలయ్యాక తరగతి గదినీ వరండానూ విద్యార్థులే ఊడ్చి తుడవాలి. ఇంటి దగ్గర తిన్న కంచం కూడా తీయని కుర్రాడు తడిగుడ్డ పట్టుకుని నేల తుడుస్తున్న ఫొటో చూసి, వాడి తల్లి మురిసిపోవాలో మండిపడాలో తెలియక సతమతమవుతుంది.

అసలు గండం స్నానాల గదిలో ఉంది. తొట్టి బయట కూర్చుని ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకుని, కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. అదీ కాసేపు నానడానికే. ఆ నీళ్లలోనే ఇంటిల్లిపాదీ వరసగా దిగుతారు. కొన్ని ఇళ్లలో మర్నాడు బట్టలుతకడానికీ అవే నీళ్లు. ఎంగిలి, మడి, మైల అంటూ పెరిగిన బుర్ర ఇది వినగానే కాసేపు పనిచేయడం మానేస్తుంది. అతిథికి మొదటి వంతు ఇవ్వడం అక్కడి మర్యాద. తాను మునిగిన నీళ్లు పెద్దలకు వదలకూడదన్నది అతిథి మర్యాద. అందుకని నానడం కాగానే వినయంగా బిరడా పీకేస్తాడు. రెండు మర్యాదలూ కలిసి తొట్టిని ఖాళీ చేస్తాయి. ఇంటివాళ్లు పల్లెత్తు మాట అనకుండా మళ్లీ నీళ్లు నింపుకుంటారు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

తిండిలో శాకాహారికి కష్టాలు మెండు. కూరగాయల పులుసులా కనిపించేదానిలోనూ ఎండబెట్టిన చేప తురుముతో కాచిన ‘దాషి’ దాగి ఉంటుంది. మాంసాహారి పరిస్థితి కాస్త నయం. ‘కరే’ అన్నం వండుతున్నామనగానే అతని ప్రాణం లేచి వస్తుంది. ఇది మెయిజీ కాలంలో ఇంగ్లీషువాళ్ల మీదుగా జపాన్ చేరిన మన కూరే. దారిలో మిరపకాయలు ఎక్కడో జారిపోయాయి. 1963 నుంచి అమ్ముడవుతున్న ఒక ప్రసిద్ధ కూర దినుసులో యాపిల్, తేనె కలుస్తాయి. పక్కన ఎర్రగా నిగనిగలాడే ఊరగాయను ఆవకాయకు చుట్టం అనుకుని నోట్లో వేసుకుంటే అదీ తీపే. దుకాణాల్లో తీపి, మధ్యస్థం, కారం అని మూడు రకాలు దొరుకుతాయి. భారతీయ అతిథి కోసమని ఇంటావిడ ప్రత్యేకంగా కారం రకమే కొని తెస్తుంది. ఇంటిల్లిపాదీ చెమటలు తుడుచుకుంటూ మంచినీళ్లు తాగుతుంటే, అతిథి సూట్‌కేసు అడుగున కారప్పొడి సీసా కోసం వెతుకుతుంటాడు.