తర్వాత నీ ఇష్టం

‘తర్వాత నీ ఇష్టం’ అనేది కోయంబత్తూరు, మధుర ప్రాంతాల పాత తెలుగు ఇళ్లలో పిల్లలకు వేసే మందు. పూర్తి పాఠం ఇలా ఉంటుంది: “ముందు ఒక డిగ్రీ చెయ్యి నాయనా, ఉద్యోగంలో కుదురుకో, తర్వాత నీ ఇష్టం.” పాట, బొమ్మ, కథ, సినిమా, వీటిలో ఏ పిచ్చి బయటపడ్డా మందు ఇదే. మోతాదు మాత్రం వయసును బట్టి పెరుగుతుంది.

పదో తరగతి వరకు కళకు అభ్యంతరం లేదు. వచ్చిన చుట్టాలందరి ముందూ పిల్ల చేత వీణ వాయిస్తారు, పిల్లవాడు గీసిన బొమ్మను ఫ్రేము కట్టిస్తారు. పదకొండులో లెక్కలు, సైన్సు ఉండే ‘ఫస్ట్ గ్రూపు’లో చేరిన మర్నాడు వీణ అటక ఎక్కుతుంది. అక్కణ్ణించి రెండేళ్లు ఆ ఇంట్లో వినబడే రాగం ఒక్కటే, కటాఫ్. 200కి ఎంత వస్తే ఏ ఇంజినీరింగు కాలేజీలో ఏ బ్రాంచి దొరుకుతుందో చదువుకోని నాయనమ్మ కూడా తడుముకోకుండా చెప్పేస్తుంది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. నాయకరాజుల కాలంలోనూ అంతకు ముందూ దక్షిణానికి తరలివచ్చి, నల్లరేగళ్లలో వానను నమ్ముకుని బతికినవాళ్లకు నెలజీతం దేవుడిలా కనబడటంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక కోవైలో, అంటే కోయంబత్తూరులో, నూలు మిల్లులు వరసగా లేచాయి. మిల్లులో పర్మనెంటు అంటే పిల్లనిచ్చేవాళ్లు ఇంకో ప్రశ్న అడిగేవాళ్లు కారు. ఆ తర్వాతి కథ సిలబస్‌లో లేదు: వాటిలో ఎన్నో మూతపడ్డాయి. సర్కారువే అయిన ఎన్‌టీసీ (జాతీయ జౌళి సంస్థ) మిల్లులు కూడా 2020 లాక్‌డౌన్‌లో ఆగాయి, మళ్లీ కుదురుగా తిరగలేదు.

ఇక్కడే ఈ మందు వెనక ఉన్న శాస్త్రంలోని లెక్కల పద్ధతి తెలుస్తుంది. కళను నమ్ముకుని చితికినవాణ్ణి పేరుపెట్టి చెబుతారు, ఉద్యోగాన్ని నమ్ముకుని చితికినవాణ్ణి ‘కాలం కలిసి రాలేదు’ ఖాతాలో రాస్తారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే ఒకే ఊళ్లో ఇద్దరు తెలుగింటి పిల్లలు తమిళ రచయితలయ్యారు. కు. అళగిరిసామి రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా పని వదిలి మద్రాసు పత్రికలకు వెళ్లాడు, 47 ఏళ్లు నిండకుండానే 1970లో పోయాడు. సాహిత్య అకాడెమీ బహుమతి ఆయన పోయాకే వచ్చింది. పిల్లల్ని బెదిరించడానికి ఇంతకంటే ఏం కావాలి! రెండోవాడు కి. రాజనారాయణన్ బడి చదువైనా పూర్తి చెయ్యలేదు. తెలుగువాళ్ల వలసను ‘గోపల్ల గ్రామం’గా 1976లో రాశాడు, 1991లో అకాడెమీ బహుమతి అందుకున్నాడు, పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యానికి ఆచార్యుడయ్యాడు, 2021లో ప్రభుత్వ లాంఛనాలతో సాగిపోయాడు. ఈయన్ని మాత్రం ఉదాహరణగా చెప్పరు. “అందరూ కి.రా. అవుతారా?” అంటారు. అందరూ అళగిరిసామిలే అవుతారనడానికి మాత్రం ఏ రుజువూ అక్కర్లేదు.

ఈ శాస్త్రానికి తలనొప్పి జి.డి. నాయుడు. కలంగల్ గ్రామంలో పుట్టి, బడి ఎగ్గొట్టి, ఒక తెల్లదొర మోటారుసైకిల్ చూసి మనసు పారేసుకుని, అలాంటిది కొనడానికి హోటల్లో సర్వరుగా చేరాడు. కొన్నది నడపడంతో తృప్తి పడక విప్పి ముక్కలు చేసి మళ్లీ బిగించాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడిపాడు. 1937 నాటికి దేశవాళీ ఎలక్ట్రిక్ మోటారు తయారీలో ఆయన చెయ్యి ఉంది. 1945లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయం పెట్టించి, ఇంజినీరింగుకు నాలుగేళ్లు దండగని వాదించి, మాట నెగ్గక బయటికి వచ్చేశాడు. కాలేజీ కూడా అక్కణ్ణించి వెళ్లిపోయింది, బస్‌స్టాపు మాత్రం నేటికీ ‘హోప్ కాలేజే’. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. దాని కిందనుంచి పొద్దున్నే కాలేజీ బస్సులు బారులు తీరి వెళతాయి, నాలుగేళ్ల కోర్సు పిల్లల్ని నింపుకుని.

సినిమా సంగతీ అంతే. తిరుచ్చిలో రైల్వే ఉద్యోగం చేసే సామికణ్ణు విన్సెంట్ అనే తమిళుడు 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర కదిలే బొమ్మల యంత్రం కొని ఊరూరా తిరిగాడు. రైల్వే ఉద్యోగం వదిలి సినిమా గుడారం భుజానికెత్తుకోవడం! ఆయన 1914లో కోవైలో కట్టిన వెరైటీ హాల్ అనే సినిమాహాలు పేరు రోడ్డుకు నిలిచింది. పక్షిరాజా స్టూడియో శ్రీరాములు నాయుడు ఒకే కథను 1954లో తమిళంలో ఎం.జి.ఆర్.తో ‘మలైక్కళ్ళన్’గా, తెలుగులో ఎన్.టి.ఆర్.తో ‘అగ్గిరాముడు’గా తీశాడు, మరుసటేడు హిందీలో దిలీప్ కుమార్‌తో ‘ఆజాద్’గా తీశాడు. “మావాడే” అని చెప్పుకోని నాయుడు లేడు. ఆ మావాడి పని తన కొడుక్కి కావాలంటే అప్పుడది ‘సినిమా గినిమా’.

మధుర శాఖవాళ్లు కాస్త మెత్తన. రెండూ చేసుకోవచ్చంటారు. సాక్ష్యం సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు: మధుర నాయకరాజు విజయరంగ చొక్కనాథుడి కొలువులో దళవాయి (సేనాని), ‘అహల్యా సంక్రందనం’ కర్త. ఇంటి పెద్దలు సగర్వంగా చెప్పే ఈ కావ్యం ఇంద్రుడితో అహల్య ప్రణయం గురించినదని వాళ్లలో చాలామందికి తెలియదు, ఎందుకంటే తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. తెలుగు లిపి నేర్చుకుంటే కటాఫ్‌లో కలిసే మార్కు లేదు. మధుర నాయకరాజ్యం 1736లో ముగిసింది, దాంతోపాటు దళవాయి ఉద్యోగాలూ పోయాయి. కావ్యం అచ్చులో ఉంది.

ఇక ‘తర్వాత’ ఎప్పుడొస్తుందన్న ప్రశ్న. డిగ్రీ తర్వాత ఉద్యోగం, ఉద్యోగం తర్వాత పెళ్లి, పెళ్లి తర్వాత శరవణంపట్టిలో ఫ్లాటు, ఫ్లాటు తర్వాత ఇరవై ఏళ్ల ఈఎంఐ, ఈలోగా పిల్లవాడి ఫస్ట్ గ్రూపు. తమిళనాడు సర్కారు ఉద్యోగికైతే 60 నిండిన నెలాఖరున ఖచ్చితంగా వస్తుంది. అప్పుడు హార్మోనియం కొంటానన్నా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు, బీపీకి మంచిదని డాక్టరు కూడా ఒప్పుకుంటాడు.