రాజుగారు వెళ్లారు, బోర్డు ఉంది

1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడగానే కొత్త సర్కారు డబ్బాలకొద్దీ పెయింటు కొనింది. బ్రిటిష్ వాళ్ల ఎర్ర పోస్టుడబ్బాలన్నీ ఆకుపచ్చగా మారిపోయాయి. వాటి మీద పోతపోసిన విక్టోరియా రాణి పొడి అక్షరాల జోలికి మాత్రం చాలాచోట్ల ఎవరూ పోలేదు. ఇనుమును గీకడమంటే మాటలా? అలా రాణిగారు డబ్లిన్ వీధుల్లో ఆకుపచ్చ చీర కట్టుకుని ఇప్పటికీ ఉత్తరాలు పుచ్చుకుంటున్నారు.

విగ్రహాలకు అంత అదృష్టం లేదు. పార్లమెంటు ముందు కూర్చున్న అదే రాణిని 1948లో లేపేశారు, చివరికి సిడ్నీకి సాగనంపారు. ఆ పార్లమెంటు భవనం ఎవరి దగ్గర తీసుకున్నారంటారా? రాయల్ డబ్లిన్ సొసైటీ దగ్గర. బ్రిటిష్ రాజు నాలుగో జార్జి పోషకుడైనప్పుడు, 1820లో, తగిలించుకున్న ఆ 'రాయల్' సొసైటీతో పాటే బాల్స్‌బ్రిడ్జికి కాపురం మార్చింది. అక్కడ ఏటా గుర్రాల ప్రదర్శన చూసుకుంటూ నిక్షేపంగా ఉంది.

కింగ్స్‌టౌన్ అనే రేవుపట్టణం పేరు తీసేసి డన్‌లీరీ అన్నారు. బాగుంది. ఆ ఊరి రేవులో పడవల క్లబ్బులు మాత్రం రాయల్ ఐరిష్, రాయల్ సెయింట్ జార్జి! ఒడ్డున రిపబ్లిక్, నీళ్ల మీద రాచరికం.

అన్నిటికీ తలమానికం డబ్లిన్‌లోని సర్జన్ల రాయల్ కాలేజీ. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో, నాయకులు మైకేల్ మాలిన్, మార్కీవిచ్‌ల దళం తుపాకులతో చొరబడి మకాం వేసింది అందులోనే. మాలిన్‌ను బ్రిటిష్ వాళ్లు కాల్చి చంపారు. తూటా దెబ్బలు ముందరి స్తంభాల మీద ఇంకా కనబడతాయి, పేరులో రాజుగారూ ఇంకా కనబడతారు. గాయం చేసినవాడి బిరుదును గాయం పక్కనే పెట్టుకోవడానికి ఎంతో నిబ్బరం కావాలి. ఆ కాలేజీ బహ్రెయిన్‌లోనూ శాఖ తెరిచింది. అక్కడ నిజంగానే రాజున్నాడు కాబట్టి బోర్డు చూసి ఎవరికీ సందేహం రాదు.

రాజ్యాంగానికి ఇదంతా తెలియదా అంటే, తెలుసు. 1937 నాటి రాజ్యాంగం ప్రకారం రాజ్యం కులీన బిరుదులు ఇవ్వరాదు. ప్రభుత్వం ముందుగా ఒప్పుకోనిదే పౌరుడు పుచ్చుకోరాదు. అంటే లండన్ నుంచి ఒకాయనకు 'సర్' వస్తే మంత్రివర్గం తల గోక్కోవాలి. కాలేజీలూ క్లబ్బులూ పౌరులు కావు కనుక, పాత బిరుదు పట్టుకుని దర్జాగా తిరగొచ్చు.

దీన్ని బానిస బుద్ధి అనేవాళ్లున్నారు. నేననను. ఇది లెక్కల బుద్ధి. రాజును పోషించడం ఖర్చు, రాజుగారి పేరు ఉచితం. పైగా పట్టా మీద ఆ మాట ఉంటే ఫీజు కాస్త హుందాగా అడగొచ్చు.

డబ్లిన్ జూను నడిపే సంఘం మాత్రం 'రాయల్'ను తనంతట తాను వదిలేసింది. సింహాన్ని బోనులో పెట్టుకున్నవాళ్లకు బోర్డు మీద ఇంకో రాజెందుకు?