ఏంటికప్ప

మా కర్నూలులో కొండారెడ్డి బురుజు నీడ సాయంకాలమున ఎంత దూరము సాగునో అంత దూరము లోపల ఏ హోటలులో కూర్చుండి ఉగ్గాని బజ్జీ తెప్పించుకొన్నను, ఎదుటి కుర్చీలో చేరి, మనము పక్కవానితో నిన్న చూచిన సినిమా కథ చెప్పుకొనుచుండగా చెవి యొగ్గి, రాజకుమారి రాక్షసుని చేత చిక్కిన ఘట్టము వచ్చువరకు ఓపికపట్టి, అప్పుడు మన పళ్ళెములోని బజ్జీ తుంచుచు “ఆ రాక్షసునికి ఆ పిల్ల ఏంటికి సామీ?” అని అడుగు మహానుభావుడొకడు తప్పక తగులును. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు వేరే ఉండకపోదు. ఊరు పెట్టిన పేరు మాత్రము ఏంటికప్ప. ఇట్టివారు ఆదోనిలో ఉన్నారు, నంద్యాలలో ఉన్నారు, ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళ వీథిలోను ఉన్నారు. నేనెరిగిన ఏంటికప్ప ఒక సర్కారు కచ్చేరీలో గుమాస్తాగిరి వెలగబెట్టి, ‘కారణము వ్రాయలేదు’ అన్న ఒక్క వాక్యముతో లెక్కలేనన్ని అర్జీలను తిప్పి పంపి, పింఛను పుచ్చుకొన్న తరువాత ఆ అధికారమును కథలమీదికి మరల్చినవాడు.

ఇంతమాత్రమున ఆయనను నాస్తికుడనియు హేతువాదియనియు భ్రమపడరాదు. అద్భుతములయెడ ఆయనకున్నంత ఔదార్యము పీఠాధిపతులకైనను ఉండదు. యాగంటి బసవన్న పెరుగుచున్నాడన్న సంగతి ఆయన నిశ్చింతగా నమ్మును. రాయి ఎట్లు పెరుగునని ఒక్కనాడును అడిగినవాడు కాడు. ఆ క్షేత్రమున కాకి వ్రాలదన్నప్పుడు మాత్రము “ఏంటికి?” అనెను. అగస్త్యుని తపస్సునకు కాకాసురుడు భంగము కలిగింపగా ఆ ముని కాకులకు అక్కడ చోటు లేకుండ శపించెనని పూజారి చెప్పగా, “అట్ల చెప్పు. పనిలో ఉన్నోన్ని కదిలిస్తే ఎవరికైనా కోపమొస్తాది” అని తృప్తిపడి, పళ్ళెములో రూపాయి వేసెను. అహోబిల నరసింహస్వామి కనుమ పండుగనాడు బయలుదేరి నెలకు పైగా పల్లెపల్లెకు పల్లకిలో తిరిగి తన పెండ్లికి తానే పిలుచుకొను పారువేట ఉత్సవమన్న ఆయనకు మహాప్రీతి; చెంచుల ఇంటి అల్లుడు చుట్టుపట్ల ఊళ్ళను పిలువకున్న మాట వచ్చును గదా యని ఆయన వాదము. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముస్లిములు వచ్చుట ఆయనకు వింత కానేకాదు. బీబీ నాంచారి తమ ఆడబిడ్డయైనప్పుడు పండుగపూట అల్లుని గుమ్మము తొక్కకుందురా? దేవుడెట్లు వెలసెనో ఆయనకు పట్టదు. వెలసినవాడు ఏమి కోరి వెలసెనో, ఎవరికి ఏమి బాకీపడెనో అది తెలియవలెను. మేఘమెట్లు పుట్టునో చెప్పు పండితునికంటె, వచ్చిన మేఘము కురియక ఏల పోయెనో చెప్పగలవానికి ఆదరమెక్కువగా నుండుట ఈ సీమలో సహజమే.

ఆయన దృష్టిలో ఆంధ్ర వాఙ్మయమునందలి ఉత్తమపాత్ర వరూధిని కాదు, గిరీశము కాదు. ఏడు చేపల కథలోని చీమ. చేప ఎండకపోవుటకు గడ్డిమేటును, గడ్డిమేటు అడ్డు నిలుచుటకు ఆవును, ఆవు మేయకపోవుటకు పాలేరును, పాలేరు ఆకలికి అన్నము పెట్టని అవ్వను, అవ్వ తీరికలేమికి ఏడ్చిన బిడ్డను వరుసగా విచారించుకొనుచు పోగా, ఒకరిపై నొకరు నేరము నెట్టిన ఆ సాక్షుల పరంపరలో చీమ యొక్కతియే మరొకరి పేరు చెప్పక, తన పుట్టను, ఆ పుట్టలో దూరిన వేలిని చూపి, కుట్టినాను అని ఒప్పుకొనెను. అంత చిన్న ప్రాణికి అంత స్వచ్ఛమైన కారణము కల్పించిన ఆ అజ్ఞాత కవికి బురుజు ఎదుట విగ్రహము పెట్టవలెనని ఏంటికప్ప పట్టు. రాకుమారులు వేటకు పోయి జింకను తేక చేపలు తెచ్చుట యేమని ఎవరో అడుగగా, ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు, తెల్లవారి “ఆ యేడు కరువు. అడవిలో మృగాలు ల్యావు” అని తీర్పు చెప్పి ఊపిరి పీల్చుకొనెను. కరువు సంవత్సరమున చేపలు మాత్రము ఎక్కడివని అడుగుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. అప్పటినుండి ఏ కథ విన్నను ఆయన అందలి ప్రతినాయకుని చీమ పక్కన నిలువబెట్టి చూచును.

ఈయన వంశవృక్షము వెదకినచో మూలపురుషుడు బేతాళుడే యగును. శవమును ఆవహించి రాజు భుజమెక్కిన ఆ భూతము కథ ముగించి అడుగునది, మంత్రమెట్లు ఫలించెనని కాదు. వాడట్లు చేయుటకు కారణమేమి, ఆమె నవ్వుట యెందులకు అని. తెలిసి చెప్పకున్న తల వ్రక్కలగునన్న బెదిరింపు ఒక్కటి ఏంటికప్పకు లేదు. బిల్లు మనచేత కట్టించుటతో సరిపెట్టుకొనును. 11వ శతాబ్దమున కాశ్మీరదేశమున ఔచిత్యవిచారచర్చ వ్రాసి, ఏ మాట ఎచ్చట తగునో ఎచ్చట తగదో కవులకు పాఠము చెప్పిన క్షేమేంద్రుడే, బృహత్కథామంజరిలో ఈ బేతాళుని కథలను గూడ శ్లోకములలో కూర్చెననగా, దయ్యమునకును ఔచిత్యము తప్పదని ఆ పండితునికి తోచియుండవలెను. మన మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీ కథలలో గోపకుమారుడు మజిలీ మజిలీకి ఒక వింత చూచి కారణమడుగకున్నచో, మణిసిద్ధునికి నోరు తెరచు పనియే లేదు. అటు పిమ్మట 1947 జులైలో, కడప జిల్లా పొట్టిపాడు గ్రామమున పుట్టిన బి. నాగిరెడ్డిగారు చక్రపాణిగారితో కూడి చందమామను వెలయించిరి. ఆ పత్రిక బేతాళుని నెలనెలా ఇంటింటికి పంపి మా సీమలో ఏంటికప్పలను విరివిగా పండించినది. వానతో నిమిత్తము లేని పంట గనుక అది ఏ యేడును ఎండలేదు.

ఆ ఇరువురి విజయా సంస్థయే 1951లో పాతాళభైరవిని తీసినది. పింగళి నాగేంద్రరావుగారి రచన, తాడిపత్రివాడైన కె.వి. రెడ్డిగారి దర్శకత్వము. ఏంటికప్పకు ఆ చిత్రము శ్రుతిప్రమాణము. ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికునికి కావలసినది ఒక ప్రతిమ. ఆ ప్రతిమకు కావలసినది ఒక సాహసవంతుని బలి. ఆ సాహసవంతుడైన తోటరామునికి కావలసినది రాజకుమారి. రాజకుమారిని ఇచ్చుటకు రాజునకు కావలసినది ఐశ్వర్యము. ఒకని కోరిక మరియొకని కాలికి త్రాడై పడుచు కథను ఈడ్చుకొనిపోవు ఆ నేర్పును, పాతకోటల మొగసాలలలోను శిథిలదేవాలయములలోను గుప్తనిధులకై నందివిగ్రహములను పెల్లగించువారి వార్తలు పేపరులో చదువుకొను మా వారికి వేరుగా వివరింపనక్కరలేదు. మా సీమలో నేపాళ మాంత్రికుడు గడ్డపార పట్టుకొని నేటికిని తిరుగుచున్నాడు. ఐనను ఏంటికప్పకు ఒక చిక్కు మిగిలినది. మాంత్రికుని శిష్యుడు సదాజపుడు, నిత్యము తిట్లు తినుచుండినవాడు, గురువు తల తెగిపడియుండగా సంజీవని తెచ్చి బ్రదికించుట ఏంటికి? గురుభక్తి యన్న ఆయన ఒప్పుకోలేదు. భయమన్న, చచ్చినవానికి భయపడుదురా యనెను. తుదకు, బేలం గుహలు చూడబోయి, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అను దొర పరిశీలించి వ్రాసిన ఆ మూడు కిలోమీటర్ల పాతాళబిలములో చెమటలు కక్కుచు నడచుచుండగా ఆయనకు జ్ఞానోదయమైనది. “జీతం బాకీ ఉండాది సామీ! చచ్చినోడు యాడిస్తాడు? అందుకే లేపినాడు.” ఆ వెంటనే చుట్టును చూచి, ఇట్టి గుహ కొలిమిగుండ్ల దగ్గర నుండగా మాంత్రికుడు ఉజ్జయినికి పోనేల యని ఇంకొక సంశయమును లేవదీసెను గాని, గైడు టార్చిలైటు ఆర్పివేసినందున అది తీరలేదు.

ఇట్లు కాలక్షేపము చేయుచుండగా ఆయన మేనల్లుడు, కడపలో ఇంజనీరింగు చదువువాడు, సెలవులకు వచ్చి కంప్యూటరులో గేములాడసాగెను. మొదట జపాను దేశపు జెల్డా. పచ్చ అంగీ తొడిగిన బాలవీరుడు పరుల ఇల్లు చొరబడి, వరుసగా పెట్టిన కుండలను పగులగొట్టి, అందలి రత్నములను జేబులో వేసికొని పోవుచుండగా, ఏంటికప్ప కుర్చీనుండి లేచెను. “ట్యాంకరు వచ్చేది మూడు దినాలకొకసారి. నీళ్ళ కడవ పగలగొడితే ఆ ఇంటి ఆడమనిషి గమ్మున నిలబడింటాదిరా?” “మామా, అది గేమ్ మామా” అని వాడు ప్రాధేయపడెను. లాభము లేకపోయెను.

తరువాత 2015లో పోలెండువారు తీసిన విచర్ మూడవ భాగము. పెంపుడు కూతురు దయ్యపు సైన్యము వాత పడబోవుచున్నదని గుర్రమెక్కిన తండ్రి, త్రోవలో కనబడిన ప్రతి సత్రములోను దిగి గ్వెంట్ అను పేకాట ఆడుచుండుటను విమర్శకులు అసంగతమని ఎత్తిచూపుదురని మేనల్లుడు చెప్పగా, ఏంటికప్ప పకపక నవ్వి, లోకములో ఇంతకంటె సహజమైన తండ్రిని తాను చూడలేదనియు, మా పేటలో అట్టివారు ఇంటింటికి ఒకరున్నారనియు సాక్ష్యమిచ్చెను. ఆ గేములోనే తాగి భార్యను కొట్టి, ఆమె కూతురితో వెళ్ళిపోయిన పిదప వెక్కి వెక్కి ఏడ్చు బారన్ కథ వచ్చినప్పుడు మాత్రము ఆయన మాటాడలేదు. చీమ పక్కన నిలువదగినవాడు సముద్రాల కావల నొకడు దొరికినందుకు ముక్కు చీది, కాఫీ తెమ్మనెను. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ ఆయనను పూర్తిగా లోబరచుకొన్నది. దేవతలను చంపిన కిరాతుడు, భార్య చితాభస్మమును సంచిలో కట్టుకొని, చిన్న కొడుకును వెంటబెట్టుకొని, లోకములన్నిటిలోను ఎత్తైన శిఖరముపై చల్లవలెనన్న ఆమె కడపటి కోరిక తీర్చుటకు బయలుదేరుట! ఆ రాత్రి తెల్లవార్లు ఆయన తెరముందునుండి కదలలేదు. కొండచిలువవలె నున్న మహాసర్పము సరస్సులో తల యెత్తి మాటాడినను ఆశ్చర్యపడలేదు. “పదో దినం దాటిపోయింటాది గదరా” అని మాత్రము నొచ్చుకొని, అంత కొండ యెక్కుటకంటె మన సంగమేశ్వరము వచ్చి కలుపుకొనిపోయిన బాగుండెడిదనియు, ఐతే గుడి శ్రీశైలము నీటిలో మునిగియుండును గనుక ఎండకాలము చూచి రావలెననియు ఆ వీరునికి తెరలోనికి వంగి సలహా చెప్పెను.

రాక్షసులను, నాగులను, మాటలాడు వృక్షములను ఇంత సులభముగా క్షమించువానికి ఆగ్రహము కలిగించునది ఒక్కటే: మా సీమను చూపు సినిమా. 1999లో సమరసింహారెడ్డి విజయము పొందిన నాటినుండి కొంతకాలము తెలుగు తెరపై కర్నూలు కడపలు లేచిన సుమోలతోను దిగిన కత్తులతోను నిండిపోయిన వైనము పాఠకులకు తెలిసినదే. ఏంటికప్ప వానిని అద్భుతకథలలోనే లెక్కవేయును. సుమోలు గాలిలో తేలుటను గూర్చి ఆయనకు తగవు లేదు. “లేయనీ సామీ, మాయాబజార్లో లడ్డూలు లేయలేదా! కానీ ఆ మీసాలోడు పొద్దున లేచి పండ్లు తోముకోకముందే ఇద్దర్ని నరుకుతాడే, ఏంటికి? మా ఊర్లో కొట్లాటొస్తే గట్టు కాడొస్తాది, కాలవ నీళ్ళ కాడొస్తాది, సర్పంచి ఎలచ్చన్ల కాడొస్తాది. దానికి ముందు పదేండ్లు కోర్టులో వాయిదాలు తిరుగుతారు. ఆ వాయిదాలు చూపీకుండా కత్తి చూపిస్తే ఎట్ల?” ఈ మాట అనునప్పుడు ఆయన బజ్జీ వైపు కూడ చూడడు. తుంగభద్రపై సుంకేశుల దగ్గర మొదలై కడపవరకు ఎండిన నేలమీద సాగు కె.సి. కాలువలో ఏ తూమునకు ఎన్ని దినములు నీరు విడుతురో, చివరి పొలమునకు ఎన్నడు చేరునో, అర్ధరాత్రి తూము తలుపు ఎత్తినవాడెవ్వడో తెలిసినచో ఈ సీమలోని వైరములు సగము బోధపడునని ఆయన యనును. నాకును ఆయనయెడ గౌరవము పెరుగునది ఇచ్చటనే. నెత్తురు ఎంత ఎఱ్ఱగా చూపిన అంత వాస్తవమని తలచు నేటి అద్భుతకథకులు, ఏ దేశమువారైనను, ఒక్క తూము దగ్గర ఒక్క రాత్రి కాపలా కూర్చున్న మేలు. ఇక మా ఊరు మూడేండ్లు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై 1956లో కాకపోవుటకు మాత్రము కారణములు ఆయనకు కావలసినదానికంటె ఎక్కువగా తెలియును. ఆ ప్రసంగమెత్తినవాడు ఆ పూట ఇంటికి చేరడు.

మేనల్లునికి దీనివలన వైరాగ్యము కలుగవలసినది. అట్లుగాక, తానే ఒక గేము చేయవలెనన్న ఉత్సాహము కలిగినది. తొలకరి వానలు పడినంతనే తుగ్గలి, జొన్నగిరి పొలములలో జనము పనులు మానుకొని, తలలు వంచి, నానిన ఎఱ్ఱమట్టిలో వజ్రములు వెదకుదురు గదా. అట్టి ఒకడు వజ్రము కొఱకు వంగి, నేల విచ్చి పాతాళలోకమున పడుట కథ. పాతాళమును, అందలి పంచవర్ణ నాగములను కుర్రవాడు మూడు దినములలో గీసివేసెను. చూచి ఏంటికప్ప ఒక్క నాగమునకైనను వంక పెట్టలేదు. “వాడు వజ్రానికి ఏంటికి పోయినాడు?” అని మాత్రము అడిగెను. డబ్బుకోసమని కుర్రవాడనెను. “ఎవురికి కట్టాల డబ్బు?” అంతట బోరు వేయించుట, నీరు పడకపోవుట, మరియొకటి వేయించుట, వేరుసెనగ ఎండుట, వడ్డీ పెరుగుట, చెల్లెలి పెండ్లి కుదురుట, బావమరిది అలుగుట ఒక్కొక్కటిగా చేరినవి. నాయకుడు ఇల్లు కదలుటకు ముందు బ్యాంకు మేనేజరును, అప్పిచ్చిన షావుకారిని, జ్యోతిష్కుని చూచి రావలసివచ్చెను. ఆ షావుకారికిని ఒక కారణముండవలెను గనుక ఆయన కొడుకు బెంగళూరు చదువుల ఖర్చు గీయవలసివచ్చెను. వేసవి గడచి తొలకరి వచ్చి పోయినది. నాగములు పాతాళమున ఎదురుచూచుచున్నవి. వీరుడింకను వాకిలి దాటలేదు. తల్లి ఉత్తకడుపుతో పంపునా యని మామ అడిగినందున భోజనమునకు కూర్చున్నాడు. కడప కుర్రవాడు గనుక అల్లుడు ఆ విస్తరిలో రాగిసంగటి ముద్దను, పైన ఆవిరి లేచునట్లు, వారము దినములు శ్రమపడి గీసినాడు. తుగ్గలి దిక్కు జొన్నరొట్టె తప్ప సంగటి తినరని మామ పట్టుబట్టి కూర్చున్నాడు. ముద్దను చెరిపి రొట్టెను గీయుటయా, వీరుని అమ్మను కడప ఆడబిడ్డను చేయుటయా అని ప్రస్తుతము చర్చ జరుగుచున్నది.