క్లిప్పుల బాబు

తనలోని మనుషులను రకాలుగా విడదీసి, పేర్లు పెట్టి నవ్వుకోవడం కలకత్తా నగరానికి పాత అలవాటు. 1860ల తొలినాళ్ళలో కాళీప్రసన్న సింహుడు ‘హుతోమ్ ప్యాంచార్ నక్షా’ అనే వ్యంగ్యరచనలో ఆనాటి బాబుల డాబూ దర్పమూ వీధిన పెట్టిన సంగతి ప్రసిద్ధమే. ఆ నక్షాలకు ఎక్కని బాబు ఒకడు ఇప్పుడు సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్ కార్యాలయాల్లోనూ, లేక్ మార్కెట్ చుట్టుపక్కల దక్షిణాదివారి అద్దె ఇళ్ళలోనూ కనిపిస్తున్నాడు. పాతికేళ్ళు దాటి, జీతం చేతిలో పడి, పెళ్ళిచూపులు ఇంకా మొదలుకాని ఆ కాస్త సందులో, పన్ను మీద పన్నెక్కిన తన పలువరసను దారిలో పెట్టించుకోవాలని పూనుకున్న ఈ తెలుగు యువకుణ్ణి క్లిప్పుల బాబు అని వ్యవహరించడం ఉచితం.

క్లిప్పులన్నది జనం వాడే ఒక్క మాటే గాని, అందులో ఇమిడినది చిన్నపాటి యంత్రాంగమే: ఒక్కో పంటి ముఖాన జిగురుతో అతికించే బుల్లి గడి బ్రాకెట్టు, ఆ గడులన్నిటిలోంచి వంపు తిరిగి సాగిపోయే తీగ ఆర్చ్ వైరు, తీగ జారిపోకుండా బిగించి ఉంచేవి పూసలంతేసి రబ్బరు రింగులు. తన మొదటి వంపుకు తిరిగి రావాలని తీగ చేసే ప్రయత్నం పంటిమీద ఒత్తిడిగా పడితే, పన్ను జరిగే వైపు ఎముక కరిగి, వదిలివచ్చిన వైపు కొత్త ఎముక కట్టుకుంటుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగే ఈ యాత్రకు మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. ఇదంతా బాబుకు కంఠోపాఠం. అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పలువరస దోషాలను మూడు తరగతులుగా విభజించాడనీ, పైదవడ పళ్ళు ఉండవలసినదానికంటే ముందుకు వచ్చి ఉండే రెండో తరగతి తనదనీ తెలిసింది మొదలు, రైల్లో ఏసీ బోగీ తప్ప ఎక్కని ఈ పెద్దమనిషి ‘నాది క్లాస్ టూ’ అని కనపడినవారికల్లా చెప్పుకుంటాడు.

రింగుల రంగు ఎంచుకోవడం అతనికి నెలనెలా వచ్చే ధర్మసంకటం. తొలిసారి ఎవరికీ కనపడకూడదని రంగులేనివి వేయించుకున్నాడు గాని, ఆ వారమే పులిహోర, ముద్దపప్పు, చేపల పులుసు వరుసగా తగలడంతో పసుపు రబ్బరులోకి ఇంకి, నోరంతా పసుపు రాసిన గడపలా తయారైంది. మరుసటి నెల ముచ్చటపడి ఆకుపచ్చ, మెరూన్ కలిపి వేయించుకుంటే అవి మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు రంగులని వీధిలో సగంమంది మాట్లాడడం మానేశారు. ఆపై నెల ఎరుపు, పసుపులకు మారితే ప్రత్యర్థి జట్టు ఈస్ట్ బెంగాల్‌లో చేరిపోయాడని మిగతా సగం మానేశారు. బూడిద రంగు దగ్గర అతను స్థిరపడడానికి సౌందర్యదృష్టి కారణం కాదు.

పళ్ళ విషయంలో ఈ నగరానికి పెద్దరికం ఉన్న మాట నిజం. చైనాలోని హూబే ప్రాంతంనుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ పళ్ళవైద్యమే కులవృత్తిగా బతికాయి. అమెరికాలోని అయోవాలో చదివివచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాలను ఇక్కడే స్థాపించాడు. అది నేటికీ ఆయన పేరుతో మౌలాలీ దగ్గర, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డుమీద నడుస్తోంది. ఆయన పుట్టిన డిసెంబరు 24ను దేశంలోని పళ్ళ డాక్టర్లు తమ దినంగా జరుపుకుంటారు. ఆ కళాశాల ఖర్చులకోసం ఆయన పెట్టిన వ్యాపారం పేరు న్యూయార్క్ సోడా ఫౌంటెన్. క్లిప్పుల బాబు ఈ చరిత్రలో తక్కినదంతా వదిలేసి సోడా దగ్గర మాత్రం ఆగి, చల్లని తీపి పానీయాలకూ దంతవైద్యానికీ వైరం లేదనడానికి దీన్ని ప్రమాణంగా చూపుతాడు.

ఇంత తెలిసినవాడికి బ్రష్షు సంగతి మాత్రం తెలియదు. నిజానికి క్లిప్పులు వేసిన డాక్టరు పళ్ళను జరుపుతాడే తప్ప కాపాడడు. ఆ పని ఇంటిదగ్గర అద్దం ముందు జరగవలసినది. బ్రాకెట్టు చుట్టూ, తీగ కిందా అన్నం మెతుకు మొదలుకొని బియ్యపురవ్వ దాకా ఏదైనా ఆగుతుంది; దానిమీద పాచి, అంటే సూక్ష్మజీవులు కట్టుకున్న మెత్తని జిగురు పొర, గంటల్లోనే మొలుస్తుంది; తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు పట్టి గారగా గట్టిపడి, ఇక బ్రష్షుకు లొంగదు. కాబట్టి బ్రష్షును చిగురువైపు ఏటవాలుగా పట్టి బ్రాకెట్టుకు పైన ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి తోమి, సీసాలు కడిగే బ్రష్షుకు మనవరాలిలా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్షును తీగ వెనక దూర్చి సందుసందునూ శుభ్రం చేయాలి. బాబు వంశాచారం ఇందుకు అడ్డువస్తుంది. వేపపుల్లతోనూ కచ్చికతోనూ తోమిన తాతల వారసుడు గనక అడ్డంగా, బలంగా, అర నిమిషం రుద్ది, ఆపైన పావుగంట నాలుక గీసుకుంటూ, కాండ్రించి ఉమ్ముతూ, నాలుగు చెంబుల నీళ్ళు పుక్కిలిస్తాడు. పక్కవాటాలోని బెంగాలీ కుటుంబం ఆ ధ్వనిని బట్టే స్కూలు బస్సుకు వేళయిందని తెలుసుకుంటుంది. పేస్టులోని ఫ్లోరైడు పంటిమీద కాసేపు నిలిస్తేనే పై పొర అయిన ఎనామిల్‌కు బలం చేకూరుతుంది గనక, నురగ ఉమ్మేసి అంతటితో ఊరుకోవడమే మంచిది. ఊరుకోవడం బాబు చేతకాదు.

కార్యాలయంలో అతని పళ్ళకు ఇంకో గండం ఉంది. సెక్టర్ ఫైవ్ కాలిబాటమీద ‘భాఁడ్’ అనే మట్టి పిడతలో రెండు గుక్కల టీ దొరుకుతుంది. రెండు గుక్కలే గదా అని బాబు గంటకోసారి తాగుతాడు. చక్కెర తగిలిన ప్రతిసారీ పాచిలోని జీవులు దాన్ని ఆమ్లంగా మార్చుతాయి. ఆమ్లత పెరిగి పీహెచ్ కొలత సుమారు 5.5కు దిగితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోవడం మొదలవుతుంది. లాలాజలం తేరుకుని పోయినదాన్ని తిరిగి చేర్చడానికి అరగంటో గంటో పడుతుంది. ఆ లెక్కన ఐదు రసగుల్లాలు భోజనంతోపాటు ఒకే విడతలో తిన్నవాడికంటే, ఒక్కొక్కటిగా సాయంత్రమంతా చప్పరించినవాడికే నష్టం ఎక్కువ. ఈ శాస్త్రసత్యంలో మొదటి సగాన్ని బాబు వెంటనే ఆచరణలో పెట్టాడు. రెండో సగం ఇంటి యజమానురాలు మాషిమా చేతిలో ఉంది: మనవడికి మార్కులు వచ్చినా, వంటింటికి కొత్త గ్యాసుపొయ్యి వచ్చినా ‘మిష్టిముఖ్’ పేరుతో, అంటే నోరు తీపి చేసే ఆచారంగా, సందేశ్ పళ్ళెంతో మెట్లెక్కి వస్తుంది. వద్దనడం ఆ ఇంట్లో అమంగళం.

గట్టి పదార్థాల దగ్గర అతనిలోని న్యాయవాది మేలుకొంటాడు. పుచ్కా, అంటే పానీపూరీ, కరకరలాడుతుంది గనక కూడదని డాక్టరు అంటే, చింతపండు నీళ్ళలో ముంచాక అది మెత్తనిదేనని వాదిస్తాడు. ఆంధ్రదేశపు పిడతకింద పప్పుకు అక్క వరసయ్యే ఝాల్‌ముడిలో ఉన్నవి మరమరాలేనంటాడు, వాటి మధ్య దాక్కున్న వేరుశనగ పప్పులనూ పచ్చికొబ్బరి ముక్కనూ లెక్కలోకి తీసుకోడు. ఆ మరమరపు పలుకు ఒకటి తీగ వెనక ఇరుక్కున్న రోజున సమావేశం ఆసాంతం అతని పెదవులు మూసుకునే ఉంటాయి. పై చిగురుమీద నాలుక పాములా ఇటునుంచి అటు కదలడం బుగ్గమీదనుంచే కనిపిస్తుంది. ఏదో గంభీరంగా ఆలోచిస్తున్నాడని మేనేజరు భ్రమపడతాడు. ఊరినుంచి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే డబ్బాలో జంతికలూ చెగోడీలూ ఉంటాయి. “క్లిప్పులూడితే మళ్ళీ ఖర్చురా నాన్నా, పాలల్లో నానేసుకుని తిను” అని తల్లి ఫోనులో చెబుతుంది. పాలల్లో నానిన కారపు జంతికను తినడంకంటే బ్రాకెట్టు ఊడగొట్టుకోవడమే నయమని తేల్చుకున్నవాణ్ణి తప్పుపట్టడం కష్టం. ఊడిన బ్రాకెట్టు తీగకు వేలాడుతూ బుగ్గను గీరుతుంటే దానిమీద ఉండచేసి అద్దడానికి మైనం ఇస్తారు. పుండుకు గోరువెచ్చని ఉప్పునీళ్ళు చాలు. మైనం డబ్బా ఎప్పుడూ ఇంటిదగ్గరే ఉంటుంది, బుగ్గ మాత్రం ఆఫీసులో ఉంటుంది.

పరీక్షకు ముందురాత్రి చదివే జాతికి చెందినవాడు గనక, నెలలో ఇరవైతొమ్మిది రోజుల పాపాన్ని డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురాత్రి ఒక్క తోముడుతో కడిగేయవచ్చని అతని నమ్మకం. ఆ రాత్రి అతను గంటసేపు తోముతాడు. వాచి ఉన్న చిగుళ్ళు నెత్తురు కక్కుతాయి. ఆ నెత్తురు పాచి పేరుకోవడంవల్ల వచ్చిందని, వదలకుండా వారం పది రోజులు సున్నితంగా తోమితే వాపు తగ్గి దానంతట అదే ఆగుతుందని గ్రహించక, తోమడంవల్లనే వచ్చిందని నిర్ధారించుకుని, మరునాటినుంచి బ్రష్షుకు మరింత దూరమవుతాడు. కుర్చీలో కూర్చున్నాక “రోజుకు రెండుపూటలా తోముతున్నాను, డాక్టర్‌బాబూ” అన్న అతని గొంతులో వణుకు ఉండదు. డాక్టర్‌బాబు మారు పలకకుండా పాచికి అంటుకునే గులాబీ రంగు మందును దూదితో పళ్ళకు అద్ది, అద్దం చేతికిస్తాడు. ప్రతి బ్రాకెట్టు చుట్టూ, తీగ పొడవునా, చిగురు అంచునా చిత్రగుప్తుడి దస్తూరీ ఎర్రగా వెలుస్తుంది. అంత సాక్ష్యం ఎదుట పెట్టుకుని కూడా బాబు ఆ ఉదయం టీతో తిన్న బిస్కట్టు మీదికే నేరం నెట్టజూస్తాడు.

రెండేళ్ళ తరువాత క్లిప్పులు తీసిన రోజున వరస సంగీత పాఠంలా కుదురుతుంది, నిజమే. కాని ఒక్కో పంటి నడుమ బ్రాకెట్టు ఉన్నంతమేర చక్కని చతురస్రమూ, దాని చుట్టూ సున్నం రంగు తెల్లమచ్చలూ కనిపిస్తాయి. ఉత్తర కలకత్తా పాత మేడల్లో పూర్వీకుల పటం దించిన చోట గోడమీద మిగిలే గుర్తు సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఖనిజాలు కరిగిపోయిన చోట్లు ఆ మచ్చలు. శ్రద్ధ తప్పితే క్లిప్పులు వేసిన నెల తిరగకముందే మొదలవుతాయి, తొలిదశలో పట్టించుకుంటే కొంత సర్దుకుంటాయి, ముదిరితే పిప్పిపన్ను దాకా పోతాయి.

ఆపైన రిటైనరు ఘట్టం వస్తుంది. జరిగిన పళ్ళు పాత ఇంటిమీద బెంగతో వెనక్కి పోకుండా ఆపేందుకు, అచ్చుపోసిన పలుచని పారదర్శకపు తొడుగు ఇస్తారు. భోజనానికి తీసి దాని డబ్బాలో పెట్టుకోవాలి. బాబు దాన్ని కాగితపు రుమాలులో చుడతాడు. అష్టమినాడు దుర్గాపూజ పందిరిలో విస్తరాకు ముందు కూర్చుని, ఖిచుడీ భోగ్ రెండుసార్లు వడ్డించుకుని, చేతులు కడుక్కుని వచ్చేసరికి విస్తళ్ళతోపాటు రుమాలు కూడా బుట్టలోకి చేరిపోయి ఉంటుంది. పట్టుకుర్తా చేతులు మడిచి విస్తళ్ళ కుప్పలో వెతుకుతున్నవాణ్ణి చూసి కార్యకర్త ఒకడు ఏం పోయిందని అడిగితే, రిటైనరుకు బెంగాలీ మాట తోచక “దాఁత్” అంటాడు. పందిరి ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. అయ్యో, ఇంత చిన్నవయసులోనా అని పెద్దావిడ ఒకరు నమలనక్కరలేని ఖిచుడీ మరో గరిటె తెస్తుంది, వెనకనుంచి ఒక ముసలాయన భుజంమీద చెయ్యివేసి, తనకు కట్టుడుపళ్ళు అమర్చిన డాక్టరు చిరునామా చెవిలో చెబుతాడు.