అడవి పందికి కౌలు కార్డు ఇప్పించండి

చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారికి,
అరణ్య భవన్, సైఫాబాద్, హైదరాబాద్.

విషయం: బోధన్ ప్రాంతపు అడవి పందులను కౌలు రైతులుగా గుర్తించుట గురించి.

అయ్యా,

బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని వైపు భూములున్న రైతులం రాసుకుంటున్న విన్నపం. మా చేలను కొన్నేళ్లుగా అడవి పందులే చేస్తున్నాయి. దుక్కి వాటిదే. ముట్టె పెట్టి తవ్వాయంటే ట్రాక్టరు కల్టివేటరు కూడా సిగ్గుపడాలి. కోతా వాటిదే. పంపకాల్లోనే కాస్త తేడా ఉంది. పాలు పోసుకున్న మక్క కంకి వాటికి, సొప్ప మాకు. కౌలు పైసా ఇవ్వవు. అడగబోతే చట్టం అడ్డం. అందుకని వాటినే కౌలుదార్లుగా రాసుకుని, కౌలు మీ శాఖ నుంచి ఇప్పించమని కోరుతున్నాం. మనుషుల్లో కౌలుదార్లకు కార్డులివ్వాలని 2011లో ఒక చట్టం వచ్చింది. పట్టాదారు ఎక్కడ అడ్డం తిరుగుతాడోనని ఆ కార్డు అడగడానికే జంకినవాళ్లు మా ఊళ్లలో చాలామంది. పందులకు ఆ భయం లేదు కాబట్టి పని తొందరగా అవుతుందని ఆశ.

మీకు దస్త్రాల్లో కనపడని సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర పసుపులో మక్క అంతర పంటగా వేస్తారు. పంది వచ్చేది మక్క కోసమే, పసుపును అది తినదు. కానీ మక్క కర్రను విరిచి, కంకి నమిలి, ఆ పక్కనే తడి బోదెలో పురుగులేమైనా ఉన్నాయేమోనని ముట్టెతో ఎత్తిపోస్తుంది. తెల్లారి పోయి చూస్తే కొమ్ములింకా ఊరని పసుపు వేర్లు పైకి తేలి ఉంటాయి. మళ్లీ మట్టి కప్పినా ఆ మొక్క కోలుకోదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ‘పంది పసుపు తినదు కదా’ అంటారు. నిజమే, తినదు. జాతీయ పసుపు బోర్డు మా నిజామాబాద్‌కే 2025లో వచ్చింది కనుక, పంది తినని పసుపు ఎలా పోతుందో వాళ్లనైనా కనుక్కోండి.

చెరుకు కథ వేరే. 1937లో నిజాం కాలంలో కట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయాక రైతులు చాలామంది చెరుకు వదిలి వరికీ మక్కకూ సోయాకూ మళ్లారు. పందులకు మాత్రం ఎవరూ నోటీసివ్వలేదు. గుబురుగా పెరిగిన చెరుకు తోట వాటికి తిండీ ఇల్లూ రెండూ. గడ మొదలు కొరికి, నమిలి, పిప్పి ఉమ్మేసి పోతాయి. తోటలు తగ్గేసరికి గుట్టల్లోనూ వాగు పొడుగునా పెరిగిన సర్కారు తుమ్మల్లోనూ కాపురం పెట్టాయి. ఆ గుట్టలను కంకర కోసం సగానికి కోసింది కూడా మా ఊళ్ల పెద్దమనుషులే, అది పందుల మీద వెయ్యం. ఫ్యాక్టరీ తెరిపిస్తామన్న మాటలు ప్రతి ఎన్నికలకూ వింటూనే ఉన్నాం. తెరుచుకుంటే మాకంటే ముందు సంబరపడేది ఎవరో ఊహించుకోండి.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. మనుషులకో నిలిచిన పంటకో ప్రమాదం చేస్తే 11వ సెక్షను కింద మీరో, మీరు అధికారమిచ్చినవారో చంపడానికి అనుమతించవచ్చు. ఆ అధికారం ఊరికి దగ్గరగా రావాలని 2022లో ప్రభుత్వం సర్పంచులకు గౌరవ వార్డెన్ హోదా ఇచ్చింది, షూటర్లను పిలిపించుకోవచ్చంది. బాగానే ఉంది. కానీ 2024 జనవరి ఆఖరుతో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. నడుమ దాదాపు రెండేళ్లు పంచాయతీలను ప్రత్యేకాధికారులు చూశారు. ఒక్కో అధికారికి ఎన్నో ఊళ్లు, ఎన్నో మీటింగులు. పందులకు ఎన్నికల కోడ్ లేదు, పదవీకాలమూ లేదు. అవి మాత్రం ఒక్క రాత్రి డ్యూటీ మానలేదు.

ఇదే చట్టంలో 39వ సెక్షను మాకు మరీ నచ్చింది. వేటాడినా, చచ్చి పడి ఉన్నా ఆ వన్యప్రాణి రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. బతికుండి మా మక్కలు తింటున్నంతసేపూ అది ఎవరిదంటే పలికే నాథుడు లేడు. ఊపిరి పోయిన మరుక్షణం ఆసామి ప్రత్యక్షం! చచ్చాక ఆస్తి తనదైనప్పుడు, బతికుండగా చేసిన బాకీలు కూడా ఆ ఆసామే తీర్చాలి. మా కౌలు లెక్కకు ఆధారం ఇదే.

కోతుల సంగతి ఈ లేఖలో ఎత్తకూడదనుకున్నాం గానీ ఆగలేకపోతున్నాం. వానలు వాపసు రావాలె, కోతులు అడవికి వాపసు పోవాలె అని 2015లో హరితహారం నినాదమిచ్చింది. వాటి కోసం అడవుల్లో పండ్ల చెట్లు పెడతామన్నారు, 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల పునరావాస కేంద్రం పెట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలెట్టారు. ఈలోగా 2022 సవరణ బోనెట్ కోతిని మొదటి షెడ్యూలుకు ఎక్కించి, అంటే పులి పక్కన కూర్చోబెట్టి, రీసస్ కోతిని జాబితాలోంచే దించేసింది. తెలంగాణలో రెండు రకాలూ ఉన్నాయి. పొడుగు తోకైతే బోనెట్, పొట్టి తోకైతే రీసస్. కాబట్టి పెంకు మీద కూర్చున్న కోతిని అదిలించే ముందు మా ఆడవాళ్లు టేపు పట్టుకుని తోక కొలవాలేమో స్పష్టం చేయగలరు.

నిజామాబాద్ టౌనువాళ్లకు ఈ గోల వేరేగా వినపడుతుంది. సుభాష్‌నగర్‌లో ఉండే మేనల్లుడు మొన్న ఊరికొచ్చి, కట్ట మీద వరసగా పోతున్న పందినీ వెనక చారల పిల్లల్నీ ఫోన్‌లో వీడియో తీశాడు.

‘పాపం చిన్న పిల్లలు మామా. గవి ఏడికి పోవాలె?’

‘ఏడికీ పోవాల్సిన పని లేదు బిడ్డా, మన మక్కలకే పోతున్నయి.’

వాడు మంచివాడే. టౌన్లో శనివారం శనివారం హనుమంతుడి గుడి మెట్ల మీద అరటిపళ్లు పెడతారు, ఆదివారం డాబా మీద వడియాలు పోతే ఫిర్యాదు చేస్తారు. పట్టించిన కోతులను వ్యానులో తెచ్చి ఏ ఊరి గుట్ట దగ్గరో వదిలిపెట్టి పోతే టౌనుకు బెడద తీరినట్టే. ఆ గుట్ట కింద కూడా ఇళ్లుంటాయి. అలాగని పట్నంవాళ్ల జాలి వట్టిదేమీ కాదు. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు జింకల కోసం నిలబడ్డది విద్యార్థులే. ఆ వార్తలు చూసి మేమూ బాధపడ్డాం. వాళ్ల జాలికి అయ్యే ఖర్చు మా చేలో ఎందుకు పడాలన్నదే గొడవ.

ఈ గొడవ మాతోనే మొదలు కాలేదు. 2016లో బిహార్‌లో నీల్‌గాయ్‌లను కాల్పిస్తే ఢిల్లీలో ఒకే ప్రభుత్వంలోని మంత్రులు మేనకా గాంధీ, జావడేకర్ బాహాటంగా వాదులాడుకున్నారు. కాల్చడానికి పోయిన షూటరు మన హైదరాబాదీ. యూరప్‌లోనైతే తోడేళ్ల మీద పల్లెకూ పట్నానికీ ఏళ్ల తరబడి తగువు. గొర్రెలు పోయాయని కాపరులు ఎంత మొత్తుకున్నా నడిచిన విచారణే నడిచింది. 2022లో ఒక తోడేలు యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లయెన్ గారి పోనీ గుర్రాన్ని, డాలీ అట దాని పేరు, చంపేసింది. 2025లో తోడేలు రక్షణ ఒక మెట్టు దిగింది. రెండింటికీ సంబంధం లేదనే వాళ్లంటారు. మేమూ అనడం లేదు. అరణ్య భవన్ ఆవరణలో నాలుగు సాళ్లు మక్క వేసి చూడమని మాత్రం మనవి.

ఒక్క విషయం ఎగతాళి లేకుండా రాయాలి. పాత చీరలు కట్టాం, జంట సీసాలు వేలాడదీశాం, మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లాం, కుక్క అరుపుల మైకు రాత్రంతా మోగించాం. పంది వారానికి దేనికైనా అలవాటు పడుతుంది. అప్పుడు కొందరు మోటారు స్టార్టరు నుంచి కరెంటు తీసి బైండింగు వైరు చుడుతున్నారు. ఆ తీగ పందినీ మనిషినీ వేరు చేసి చూడదు. తెల్లారకముందు నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేను రైతు, ఒక్కోసారి తీగ కట్టినవాడే దాని మీద పడతాడు. అది నేరమే, సమర్థించం. సోలారు కంచె ఆగి ఆగి కొట్టి వదిలేస్తుంది, చంపదు. చిన్న రైతుకు అది అందే ధరలో లేదు. షూటర్ల కంటే ముందు అది ఇప్పిస్తే తీగలు వాటంతటవే దిగిపోతాయి.

అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లో, జియో ట్యాగ్ ఫొటోతో యాప్‌లో పెట్టాలట. మన రాష్ట్రం 2020లోనే ఆ పథకం నుంచి బయటికొచ్చిన సంగతి మీకు తెలిసిందే. తిరిగి చేర్చే ఉద్దేశముంటే, ఫొటోలో పంది ముఖం కనపడాలా, తొక్కిన చేను కనపడితే చాలా అన్నది ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

మీ జవాబు మక్కలు పాలు పోసుకునేలోపు అందితే మంచిది. ఆ తర్వాత రాత్రిళ్లు మంచె మీద ఉంటాం, పగలు నిద్రపోతుంటాం. తలుపు కాస్త గట్టిగా కొట్టమని పోస్టుమ్యానుకు చెప్పండి.

ఇట్లు,
తమ కౌలుదార్ల భూయజమానులు,
బోధన్.