ఒక దవడ, నాలుగు ఇంటిపేర్లు

సౌదీ అరేబియాలోని రాస్ తనూరాలో మనవాడు ఫలానా అని తేలాలంటే పాస్‌పోర్టు, ఇకామా (నివాస అనుమతి), వేలిముద్రలు, మెడికల్ అన్నీ కావాలి. అన్నీ ఉన్నా రిఫైనరీ గేటు దగ్గర ఫొటో వంకా మొహం వంకా రెండుసార్లు చూస్తారు. కోటీ డెబ్బై లక్షల ఏళ్ల నాటి వానరానికి ఈ బాధ లేదు. ఈ తూర్పు ప్రాంతంలోనే, అద్ దబ్తియాలో, ఒక పైదవడ ముక్క, కొన్ని విడి పళ్లు దొరికాయి. 1987లో ఆండ్రూస్, మార్టిన్ దానికి హీలియోపిథెకస్ అని నామకరణం చేశారు. అంతకు ఏడాది ముందే లీకీ దంపతులు కెన్యాలో ఆఫ్రోపిథెకస్‌కు బారసాల చేసి ఉన్నారు. రెండూ ఒకటేనేమో అన్న అనుమానం తర్వాత వచ్చింది.

పేరు పెట్టడం మీద నాకు పేచీ లేదు. దొరికినదాన్ని ఏదో ఒకటి అనాలి కదా. ఆ దవడకు తాతముత్తాతల్నీ దాయాదుల్నీ కట్టబెట్టడం దగ్గరే కోతి పుండు బ్రహ్మరాక్షసి అవుతుంది.

జమైకా కోతి సంగతే చూడండి. 1920లో హెరాల్డ్ ఆంథోనీకి లాంగ్ మైల్ గుహలో కింది దవడ దొరికింది. 1952లో గానీ జెనోత్రిక్స్ అన్న పేరు రాలేదు. ఆ తర్వాత పెళ్లిచూపులే పెళ్లిచూపులు! మూడో దవడపన్ను లేదు గనక మార్మొసెట్ల చుట్టమన్నారు కొందరు. ఎవరికీ చెందదు, వేరు కుటుంబమన్నాడు హెర్ష్‌కోవిట్జ్. రాత్రికోతుల బంధువన్నాడు రోజెన్‌బర్గర్. టీటీ కోతుల వంశమన్నారు మెక్‌ఫీ, హొరొవిట్జ్. 2018లో ఎముకలోంచి డీఎన్ఏ తీసి చూస్తే టీటీలే గెలిచాయి. మెక్‌ఫీకి వందనాలు. కానీ నాలుగు పక్షాలూ చూసింది ఎముకల్నే, నాలుగు పక్షాలూ పలికింది అదే ధీమాతో. పళ్ల పోలిక చుట్టరికం వల్లా రావచ్చు, తిండి వల్లా రావచ్చు. కోటి ఏళ్లు దీవిలో ఒంటరిగా బతికినదాని నోరు పుట్టింటి పోలికలు దాచిపెట్టడంలో వింతేముంది?

మనకిది కొత్త కాదు. 1932లో శివాలిక్ కొండల్లో లూయిస్‌కు దొరికిన దవడ ముక్క రామపిథెకస్ అయింది. 1960లలో సైమన్స్, పిల్‌బీమ్ దాన్ని మానవుడి పూర్వీకుణ్ణి చేశారు. అసలు దవడ మధ్య భాగమే లేదు. వంపు ఊహించి గీశారు. 1967లో సారిచ్, విల్సన్ రక్తంలోని ప్రోటీన్లు పోల్చి, మనిషీ చింపాంజీ విడిపోయి 50 లక్షల ఏళ్లేనంటే ఎముకల పండితులు నవ్వారు. 1982లో దాని దగ్గరి చుట్టం శివపిథెకస్ ముఖాన్ని వర్ణించిన పిల్‌బీమే అది ఒరాంగుటాన్ పోలికని ఒప్పుకున్నాడు. రాముడు శివుడి ఖాతాలో కలిసిపోయాడు.

ఇక్కడి భారతీయ బడుల్లో చదివే పిల్లలున్నవాళ్లు ఈ రాత్రి పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్టీ జీవశాస్త్రంలో పరిణామం పాఠం తెరవండి. రామపిథెకస్ అక్కడ ఇంకా మనిషి పోలికలెక్కువ ఉన్నవాడిగానే దర్జాగా కూర్చున్నాడు.